మ్యాగ్నెటిక్ డ్రిల్ జారిపోతుంటే ఇలా సరిచేశాను

జీడిమెట్లలోని మా ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఎం20 (20 ఎంఎం) బోల్టుల కోసం మ్యాగ్నెటిక్ డ్రిల్‌తో, అంటే అయస్కాంతంతో ఇనుప ప్లేటుకు అతుక్కుని రంధ్రాలు వేసే మిషన్‌తో, 22 ఎంఎం రంధ్రాలు వేస్తున్నాం. మ్యాగ్నెట్ ఆన్ చేస్తే పట్టుకుంటోంది, గొట్టంలా బోలుగా ఉండే కట్టర్ ప్లేటులోకి దిగగానే మిషన్ పక్కకు జరుగుతోంది. రెండు కట్టర్ల పళ్లు విరిగాయి. మ్యాగ్నెట్‌లోని కాయిల్ (తీగ చుట్ట) కాలిపోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

ప్లగ్గు తీసి మిషన్ తిరగేసి చూస్తే, మ్యాగ్నెట్ అడుగున సన్నటి ఇనుప రజను నూనెతో కలిసి గట్టిగా అంటుకుపోయి ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు, బ్రష్‌తో రుద్దితే ఊడింది. ప్లేటు మీద ప్రైమర్ కూడా గ్రైండర్‌తో తీసేశాను. పట్టు పెరిగింది కానీ చాలలేదు.

అసలు సంగతి మందం. మా ప్లేటు 6 ఎంఎం మాత్రమే. అంత పల్చటి ఇనుములో అయస్కాంతం పూర్తి బలంతో పట్టదు. సరిగ్గా మ్యాగ్నెట్ కిందికి వచ్చేలా అడుగున 20 ఎంఎం ప్లేటు పెట్టి సీ-క్లాంపులతో బిగించాను. స్పీడు 350 ఆర్‌పీఎంకి తగ్గించి, కూలెంట్ వదిలాను. మిషన్ కదలకుండా నిలబడింది, రజను పొడవాటి చుట్టలుగా వచ్చింది.

తర్వాత తెగిన బిళ్ల కట్టర్‌లోనే ఇరుక్కుపోయింది. బిళ్లను బయటికి నెట్టే పైలట్ పిన్ వంగింది, కొత్తది వేశాను.

ఇంకో మాట: కరెంటు పోతే మ్యాగ్నెట్ వెంటనే వదిలేస్తుంది. సేఫ్టీ చైన్ కట్టకుండా మా కుర్రాళ్లను ఎత్తులో డ్రిల్ చేయనివ్వను.