ఇంట్లో తెలుగు, 7వ పాఠం: గరుకు, బరక, ముతక, కరుకు

పోయిన పాఠంలో నునుపు చూశాం, ఇవాళ దానికి వ్యతిరేకం. చేత్తో తడిమినప్పుడు చర్మానికి తగిలేది గరుకు. ప్లాస్టరింగ్ చేయని గోడ, రెండు రోజులుగా గీసుకోని గడ్డం, పిల్లి నాలుక, చెన్నై మెరీనా బీచ్ నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకుండా టైల్స్ మీద నడిస్తే అరికాలికి తెలిసేది, అన్నీ గరుకే. తమిళంలో సొరసొరప్పు అనే చోట కళ్ళు మూసుకుని గరుకు అనేయొచ్చు.

చిక్కంతా వంటింట్లో. చెన్నైలో మనవాళ్ళ ఇళ్ళల్లో "పచ్చడి గరుకుగా నూరు" అనడం వింటుంటాను, తమిళంలో కొరకొరప్పా అరైక్కణుమ్ అంటారు కదా, అదే ఇలా దిగిపోయింది. నలిగీ నలగని దాన్ని మనం బరక అంటాం. కందిపొడి బరకగా పట్టించు, అల్లం పచ్చిమిర్చి బరకగా దంచు. రోలు గరుకు, అందులో నూరిన పచ్చడి బరక. ఆ రోలైనా సన్నికల్లైనా వాడగా వాడగా నున్నబడిపోతుంది, పప్పు నలగకుండా రాయి కింద జారిపోతుంటుంది, అప్పుడు ఉలితో గాట్లు పెట్టించి మళ్ళీ గరుకు చేయించుకోవాలి. వీధిలో అమ్మి (తమిళంలో సన్నికల్లు) కొత్తుతామని కేకేస్తూ వచ్చేవాళ్ళు చేసేది ఆ పనే. మిక్సీలొచ్చాక వాళ్ళకి పని తగ్గింది గానీ, బరక అనే మాటకి మాత్రం రోజూ పనే.

బట్టకీ బియ్యానికీ ముతక. టీ నగర్‌లో చీర పట్టి చూసి గరుకుగా ఉందంటే ఒంటికి గుచ్చుకుంటోందని, ముతకగా ఉందంటే నూలు లావుగా ఉందని. రెండూ ఒకే చీరకి చెల్లొచ్చు.

ఇక కరుకు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి ఇక్కడ చదువుకున్నవాళ్ళు రాసేటప్పుడు కాస్త జాగ్రత్త. కరుకు మాటకీ మనసుకీ వాడతాం. మామయ్య కరుకుగా మాట్లాడాడని చెప్పబోయి "మామయ్య గరుకుగా ఉన్నాడు" అని వాట్సాప్‌లో పెట్టారనుకోండి, గడ్డం గీసుకోమని చెప్పండి అని జవాబొస్తుంది.

ఈ ఖాళీలు నింపండి, జవాబులు పై పాఠంలో:

గిన్నెలు తోమి తోమి అత్తయ్య చేతులు ____గా అయిపోయాయి.
ఇడ్లీ రవ్వ మరీ మెత్తగా వచ్చింది, ఇంకాస్త ____గా పట్టించాల్సింది.
డబ్బులడిగితే ఆయన అంత ____గా జవాబిస్తాడనుకోలేదు.
ఈ దుప్పటి ____గా ఉన్నా చలికి బాగా ఆగుతుంది.

వచ్చే పాఠంలో జిగురు, జిడ్డు, బంక.