అపార్ట్‌మెంట్ పిల్లల్ని సాయంత్రం కిందికి దించడం ఎలా?

ఫోన్ లాక్కుంటే పిల్లాడు ఆడుకోవడానికి వెళ్లడు, టీవీ ముందుకు చేరతాడు. టీవీ కట్టేస్తే మంచం మీద బోర్లా పడుకుని అలుగుతాడు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. "మావాడికి ఫోన్ పిచ్చి పట్టుకుంది మాస్టారూ" అని తల్లిదండ్రులు అంటూనే ఉంటారు. నేను వాళ్లని అడిగేది ఒకటే: "వాడు ఇప్పుడు కిందికి దిగితే అక్కడ ఎవరున్నారమ్మా?" కింద ఎవరూ లేరని వీడు దిగడు, వీడు దిగలేదని పక్క ఫ్లాట్ పిల్ల దిగదు. అందుకే ముందు ఫోన్ సంగతి పక్కన పెట్టి, నలుగురు పిల్లల్ని ఒకే టైమ్‌కి ఒకే చోట చేర్చే పని చూడండి. మిగతాదంతా దాని తర్వాతే.

దీనికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే సరిపోదు. అందరూ బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. మీ పిల్లాడి వయసు పిల్లలున్న మూడు నాలుగు ఇళ్ల తలుపు కొట్టి, "రేపు ఐదుంపావుకి మావాణ్ని దించుతున్నాను, మీ పాపని కూడా పంపండి, నేను కిందే ఉంటాను" అని చెప్పండి. ఈ "నేను కిందే ఉంటాను" అన్న మాటకే తల్లులు ధైర్యం చేసి పంపుతారు. స్కూల్ బస్సు దిగి, ఏదో ఒకటి తిని, ట్యూషన్‌కి వెళ్లేలోగా పిల్లలకి దొరికేది గంట. మా దగ్గర ఐదుంపావు నుంచి ఆరుంపావు దాకా. ఆ తర్వాత ఆఫీసుల నుంచి కార్లు రావడం మొదలవుతుంది, సెల్లార్లో ఆట కుదరదు. ఈ టైమ్ రోజూ ఒకటే ఉండాలి. ఒకరోజు ఐదుకి, ఇంకోరోజు ఆరుకి అంటే పిల్లలు ఒకరికొకరు దొరకరు. ట్యూషన్ అడ్డం వస్తే ట్యూషన్ టీచర్‌తోనే మాట్లాడండి. ముగ్గురు తల్లులు కలిసి అడిగితే అరగంట వెనక్కి జరపడానికి చాలామంది ఒప్పుకుంటారు.

వాచ్‌మన్ పిల్లల్ని తప్పకుండా పిలవండి. వాళ్లు ఉండేదే సెల్లార్లో. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కాబట్టి మన పిల్లలకి తెలియని ఆటలు వాళ్లకి తెలిసి ఉంటాయి. వాళ్లని పక్కన నిలబెట్టి మన పిల్లలు ఆడుకుంటుంటే చూడటానికి నాకు మనసొప్పదు.

పెద్దవాళ్లలో ఒకరు కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. వంతులవారీగా చేయండి, తాతలూ అమ్మమ్మలూ ఉన్న ఇళ్లకి ఇది మంచి పని. కూర్చున్నవాళ్లు ఆట నేర్పించనక్కర్లేదు, తీర్పులు చెప్పనక్కర్లేదు. "తాతయ్యా, వీడు తొండి ఆడుతున్నాడు!" అని వస్తారు. "మీరే తేల్చుకోండి నాన్నా" అని పంపేయండి. దెబ్బ తగిలితేనో, ఒకణ్ని అందరూ వెలివేస్తుంటేనో లేవండి. ఒక్కటి మాత్రం మొదటిరోజే చెప్పండి: కారు కదిలితే ఆట ఆగాలి, అందరూ వెళ్లి గోడకి ఆనుకుని నిలబడాలి. రివర్స్ చేసేవాళ్లకి చిన్నపిల్లలు అద్దంలో కనబడరు. ఆ గంటా గేటు వేసి ఉంచమని వాచ్‌మన్‌కి చెప్పండి.

ఇక ఏ ఆట అన్నది. అవుటైనవాడు పక్కన కూర్చోవాల్సిన ఆటలతో మొదలుపెట్టకండి. ఆటలో కొత్తగా చేరిన పిల్లలే ముందు అవుటవుతారు, కూర్చోగానే విసుగొచ్చి పైకి పోతారు. నేను మొదలుపెట్టించేది నాలుగు స్తంభాలాట. సెల్లార్ అంటేనే స్తంభాలు కదా. నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటారు, అయిదోవాడు మధ్యలో దొంగ. స్తంభాలవాళ్లు కళ్లతో సైగ చేసుకుని ఒకరి చోటికి ఒకరు పరిగెత్తుతారు, ఖాళీ అయిన స్తంభాన్ని దొంగ పట్టుకుంటే చోటు పోయినవాడు దొంగవుతాడు. ఇందులో ఎవరూ అవుట్ కారు. ఆరేళ్ల పాప, పన్నెండేళ్ల పిల్లాడు కలిసి ఆడొచ్చు. పది నిమిషాలకే అందరికీ చెమటలు పడతాయి. పిల్లలు ఎక్కువైతే ఇంకో రెండు స్తంభాలు కలుపుకోవడమే. ముందుగా పంటలు వేసుకోవడం నేర్పండి. అరచేతులు వేసి, వేరుగా పడినవాడు పండినట్టు. చివరిదాకా పండనివాడే దొంగ. దొంగ ఎవరన్న గొడవ అక్కడితో తెగిపోతుంది.

వారం గడిచాక ఏడు పెంకులాట పెట్టండి. ఇల్లు కట్టేచోట పడేసిన టైల్స్ ముక్కలు ఏరుకొచ్చి, అంచులు సిమెంటు గచ్చు మీద మొండిబారేదాకా అరగదీయండి. ఆ అరగదీసే పని పిల్లలతోనే మీ ఎదురుగా చేయించండి, వాళ్లకి భలే ఇష్టం. పెద్ద పెంకు అడుగున, చిన్నది పైన. కార్ల మధ్య టెన్నిస్ బంతి వద్దు. పాత సాక్సులో చిరిగిన బనియను గుడ్డలు గట్టిగా కూరి, మూతి బిగించి కుట్టేస్తే బంతి తయారు. తగిలినా నొప్పుండదు, కారుకి సొట్ట పడదు, అసోసియేషన్ వాళ్లు ఒక్క మాట అనడానికి ఉండదు. బంతి మోకాలి కిందే కొట్టాలని రూలు పెట్టండి. ఇద్దరే పిల్లలుంటే సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసిస్తే సరి.

ఇప్పుడు ఫోన్. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో ఉన్న పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాగితే వాడు మీ మీద కోపంతోనే దిగుతాడు, ఆ కోపం కిందున్న పిల్లల మీద చూపిస్తాడు. ఐదింటికి వెళ్లి "ఈ మ్యాచ్ అవగానే చెప్పులేసుకో" అనండి, పక్కనే నిలబడండి. యూట్యూబ్ చూసే చిన్నపిల్లలకైతే ఆటోప్లే తీసేయండి. ఒక వీడియో అయిపోగానే తెర ఆగిపోవాలి, అప్పుడు పిలిస్తే పలుకుతారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో టైమ్ పెట్టొచ్చు, కానీ కింద స్నేహితులు లేనప్పుడు ఆ తాళం ఇంట్లో ఏడుపే మిగులుస్తుంది. ఆ గంటా అన్ని ఫోన్లూ ఒకేచోట చార్జింగ్‌లో ఉండాలి, అమ్మానాన్నలవి కూడా.

ఎంతసేపు ఆడాలి అంటారా? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్లవాళ్లకి గంట మించొద్దనీ మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఆ గంట మధ్యాహ్నానికే అయిపోతుంది.

కళ్ల సంగతి ఇంకా ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లల్ని స్కూల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్లు చూశారు. ఆరుబయట ఉన్నవాళ్లలో 30 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనబడటం) వస్తే, మిగతా స్కూళ్లలో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. ఆ ఫలితాలు 2015లో ప్రచురించారు. పగటి వెలుతురు కంట్లో పడితే కంటి వెనక పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఊరి, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకులు చాలామంది అనుకుంటున్నారు. అంటే సెల్లార్ ఆట కాళ్లకి సరిపోతుంది గానీ కళ్లకి సరిపోదు, అక్కడ వెలుతురు తక్కువ. అందుకని ఆదివారం పొద్దున పిల్లల్ని పార్కుకో, స్కూల్ గ్రౌండుకో తీసుకెళ్లండి. చెట్టు నీడలో ఉన్నా ఇంట్లోకంటే వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. బోర్డు మీది అక్షరాలు కనబడక కళ్లు చికిలిస్తున్న పిల్లలుంటే ఆటతోనే నయమవుతుందని ఊరుకోకండి, కంటి డాక్టరుకి చూపించండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలప్పుడు వేళ మార్చేయాలి. పొద్దున ఆరు నుంచి ఏడున్నర, సాయంత్రమైతే ఆరు తర్వాత, అదీ కార్లు తిరగని చోట. బిందెలో నీళ్లు, గ్లాసులు కిందే పెట్టండి, నీళ్లకోసం పైకెళ్లినవాడు మళ్లీ దిగడం కష్టం. వానాకాలంలో దోమలతో జాగ్రత్త. డెంగీ దోమ పొద్దున, సాయంత్రం వెలుతురు ఉండగానే ఎక్కువగా కుడుతుంది. నిండు చేతుల చొక్కా వేసి పంపండి, సెల్లార్లో పాత టైర్లు, పూలకుండీల పళ్లేల్లో నీళ్లు నిలవకుండా చూడండి. టెర్రస్ మీద ఆడిస్తే పిట్టగోడ ఎంత ఎత్తుందో ముందు చూసుకోండి. పిల్లల గుండెల కంటే కిందికుంటే అక్కడ ఆట వద్దు.

ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి. పదకొండు పన్నెండేళ్లు రాగానే "ఇంకా గంతులేంటే" అని పైనే ఉంచేస్తున్నారు. మా స్కూళ్లలో నేను చూసినంతలో ఆడపిల్లలు ఆట మానేసేది సరిగ్గా ఆ వయసులోనే. ఒకసారి మానినవాళ్లు మళ్లీ గ్రౌండులోకి రావడం తక్కువ. వాళ్లకోసం రెండు స్తంభాల మధ్య మనిషెత్తున తాడు కట్టి టెన్నికాయిట్ రింగు ఇవ్వండి, తాడు మీదుగా అటూ ఇటూ విసిరి పట్టుకోవడమే ఆట. రబ్బరు రింగు చవకే, ఎన్నేళ్లయినా ఉంటుంది. ఆ రోజు కుర్చీలో ఒక అమ్మో, అమ్మమ్మో కూర్చోండి. పిల్లని ఎందుకు పంపట్లేదని ఆ తల్లిని చాటుగా అడగండి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. పార్కింగ్‌లో లైటు వెలగట్లేదనో, మూలన నిలబడి సిగరెట్ తాగే మగవాళ్లున్నారనో చెబుతారు. లైటు అసోసియేషన్ డబ్బుతో వేయించొచ్చు. ఆ మగవాళ్లకి నేనే చెబుతాను, మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా పెద్దాయనతో చెప్పించండి.