హార్డ్ డిస్కు మొరాయిస్తే ముందు నకలు, తర్వాతే మరమ్మతు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఏ ఫొటో స్టూడియోకు వెళ్లినా బల్ల కింద పాత హార్డ్ డిస్కులు కనిపిస్తాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న బంధువుల పెళ్లి ఫొటోలు, తెలుగు శుభలేఖల ఫైళ్లు, భూమి పత్రాల స్కాన్లు వాటిలోనే ఉంటాయి. అవి మళ్లీ దొరికేవి కావు. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ చాలా ముఖ్యం.

సమస్య: ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది, కాపీ సగంలో ఆగిపోతోంది

కారణం కేబుల్ కావచ్చు, డిస్కులో సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) చెడిపోయి ఉండవచ్చు. లినక్స్‌లోని స్మార్ట్‌సీటీఎల్ (smartctl) ఆదేశంతో డిస్కు ఆరోగ్య నివేదిక తీసి 199, 197, 5 నంబర్ల మూడు వరుసలు చూడండి. 199 పెరుగుతుంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. దాన్ని మార్చినా పాత అంకె తగ్గదు, ఇక పెరగకపోతే చాలు. 197లో సున్నా కాక వేరే అంకె ఉంటే, డిస్కు చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు ఉన్నట్టు. 5లోని అంకె ఇప్పటికే మార్చేసిన సెక్టార్ల లెక్క. ఈ రెండూ పెరుగుతున్నాయంటే డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయనే అనుకోవాలి.

ఇక్కడే చాలామంది ఫైల్ వ్యవస్థను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే (fsck) ఆదేశం నడుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. అది డిస్కు మీద రాస్తుంది. చదవలేని చోట ఫోల్డర్ల సమాచారం తప్పుగా అర్థం చేసుకుని ఉన్నదాన్నే తుడిచేయగలదు. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. ఫైల్ మేనేజర్‌తో కాపీ చేసినా, చెడిన చోటే పదేపదే చదవబోయి డిస్కును అలసిపోయేలా చేస్తుంది.

పరిష్కారం: పాతదానికంటే పెద్దదైన మంచి డిస్కు తెచ్చి, పాడైన డిస్కు నుంచి నకలు తీసే డీడీరెస్క్యూ (ddrescue) వాడండి. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ (gddrescue). ఆదేశంలో ముందు పాడైన డిస్కు, తర్వాత నకలు ఫైలు, చివర మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైలు) పేరు ఇవ్వాలి. మొదటి రెండూ తారుమారైతే ఉన్న డేటా పోయే ప్రమాదం ఉంది కాబట్టి డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) ఆదేశంతో మోడల్, సీరియల్ నంబరు సరిచూశాకే ఎంటర్ నొక్కండి. నకలు ఉంచే డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే పనికిరాదు, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు.

మొదటి విడత ఎన్ (-n) ఆప్షన్‌తో నడపండి. సులువుగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది, మొండి భాగాలు వెనక్కి పోతాయి. తెరపై వేగం కొన్ని కేబీలకు పడిపోయినా కంగారు పడకండి. రెండో విడతలో ఎన్ తీసేసి, డి (-d), ఆర్3 (-r3) ఆప్షన్లతో మొండి చోట్లను మూడుసార్లు ప్రయత్నించమనండి. వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉండే మన ప్రాంతంలో మ్యాప్‌ఫైల్ విలువ అప్పుడే తెలుస్తుంది: అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచే పని సాగుతుంది. అయినా యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు.

సమస్య: నకలు వచ్చింది, కానీ తెరుచుకోవడం లేదు

పాత డిస్కును పక్కన పెట్టేయండి, ఇక పనంతా నకలు మీదే. ముందు దాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి (కంప్యూటర్‌లో డిస్కులా తెరిచి) చూడండి. తెరుచుకుంటే తెలుగులో, ఒడియాలో పెట్టుకున్న ఫోల్డర్ల పేర్లు కూడా అలాగే ఉంటాయి. పార్టిషన్ల (డిస్కులోని భాగాల) పట్టిక చెడితే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ వాటిని వెతికిపెడుతుంది. ఎఫ్ఎస్‌సీకే నడపాలంటే నకలుకు మరో నకలు తీసి దాని మీద నడపండి. పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ సాఫ్ట్‌వేర్ ఆఖరి దారి. అది ఫొటోలు తెస్తుంది కానీ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు తీసుకురాదు. కెమెరా ఫొటోలోనే రాసి ఉంచే తేదీని బట్టి ఏ పెళ్లివి ఆ పెళ్లికి విడదీసుకోవచ్చు.

సమస్య: పోర్టబుల్ డిస్కు అసలు కనిపించడం లేదు

చాలాసార్లు కారణం విద్యుత్తు చాలకపోవడమే. కేబుల్ మార్చి, డెస్క్‌టాప్ వెనుక పోర్టులో నేరుగా పెట్టి చూడండి.

సమస్య: టక్ టక్ మని చప్పుడు

చదివే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. వెంటనే కరెంటు తీసేయండి. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని బాగుచేయదు, తిప్పిన కొద్దీ హెడ్ పళ్లెం మీది పూతను గీకేస్తుంది. మూత విప్పితే ధూళి చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా అసలు వినవద్దు, బరంపురం లాంటి తీరప్రాంతపు తేమలో బయటికి తీయగానే లోపలా బయటా నీరు పడుతుంది. ధూళి లేని గది ఉన్న ల్యాబుకే పంపాలి, ఖర్చు గట్టిగానే అవుతుంది. పంపేటప్పుడు యాంటీస్టాటిక్ సంచిలో పెట్టి, చుట్టూ మందంగా ఫోమ్ వేసి, డిస్కు కదలకుండా ప్యాక్ చేయండి.