మృగశిర చినుకు పడేలోపు: అగ్గిపెట్టె నుంచి మందు డబ్బా దాకా జాగ్రత్తలు

యాసంగి వరి కోతలు అయిపోయాక హనుమకొండ నుంచి పరకాల వైపు గానీ, వరంగల్ నుంచి నర్సంపేట వైపు గానీ సాయంత్రం పూట బండి మీద పోయి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా పొగే. కొయ్యకాళ్లు కాలుతుంటాయి. వానకాలం పంటకు జాగ్రత్తలు అనగానే మనకు విత్తనాలు, ఎరువులు, పెట్టుబడి గుర్తొస్తాయి. నాకు ముందుగా గుర్తొచ్చేది అగ్గిపెట్టె. తొలకరికి ముందు ఈ కొద్ది రోజుల్లో చేసే పనులను బట్టే మన నేల, చెరువు, ఒళ్లు ఆరు నెలల పాటు ఎట్లా ఉంటాయో తేలుతుంది.

రెండేళ్ల కింద మా పక్క మడి ఆయన మధ్యాహ్నం పూట కొయ్యకాళ్లకు నిప్పు పెట్టి ఇంటికి పోయాడు. గాలి తిరిగింది. మంట గట్టు దాటి మా వైపు వచ్చింది. బోరు పైపు కరిగిపోయింది, స్టార్టర్ వైరు కాలిపోయింది. అవి మళ్లీ కొనుక్కున్నాం. గట్టు మీద ఆరు తాటిచెట్లు మాడిపోయాయి, అవి మాత్రం తిరిగి రాలేదు. తాటిచెట్టు గీతకు రావాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. వాటినే నమ్ముకుని బతికే గౌడన్న ఆ నల్లబడ్డ మొదళ్ల దగ్గర నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొయ్యకాళ్లు కాల్చడం బంద్.

చెట్ల సంగతి అట్లుంచి లెక్క చూసుకుందాం. టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని, 25 కిలోల దాకా పొటాష్ ఉంటాయి. 50 కిలోల పొటాష్ బస్తా కొంటే అందులో మనకు దక్కేది 30 కిలోలే. అంటే టన్ను గడ్డి కాల్చినప్పుడల్లా దాదాపు ఒక పొటాష్ బస్తాను మంటలో వేస్తున్నట్టే. నత్రజని పొగతో పాటే పోతుంది. పొటాష్ చాలా మటుకు బూడిదలో మిగులుతుంది గానీ, ఆ బూడిదలో కొంత గాలికి లేస్తుంది, కొంత మొదటి జడివానకు వాగులో కలుస్తుంది. పై మట్టిలో ఉండే సూక్ష్మజీవులు, వానపాములు ఆ వేడికి చచ్చిపోతాయి. ఆ తర్వాత 'నేల చౌడు బారినట్టు గట్టిపడింది, ఎరువు వేసినా పని చేస్తలేదు' అని బాధపడేది మనమే.

మరి ఏం చేయాలి? కోతప్పుడే హార్వెస్టర్ డ్రైవర్‌కు కింది దాకా కోయమని గట్టిగా చెప్పాలి. గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టిస్తే పశువులున్న వాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. మిగిలిన కొయ్యలను కాల్చకుండా నీళ్లు పెట్టి, ఎకరాకు ఒక 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ బస్తా చల్లి, రొటావేటర్‌తో కలియదున్నితే త్వరగా మురుగుతాయి. నీళ్లు లేని వాళ్లు తొలివాన పడ్డాక ఈ పని చేయవచ్చు. కొయ్యలు మురగడానికి రెండు మూడు వారాలు టైమ్ ఇవ్వాలి. దున్నిన మర్నాడే నాటు వేస్తే మొక్క పచ్చబడక సతాయిస్తుంది. చాలామంది 'కాల్చడమే నయం' అనుకునేది ఈ తొందర వల్లే. పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచే జీలుగు గానీ జనుము గానీ దొరికితే తొలకరికి చల్లి, పూతకు రాగానే మడిలోనే కలియదున్నండి. మా నేలలో మార్పు నాకు స్పష్టంగా కనిపించింది ఈ రెండు పనులతోనే.

పత్తి కట్టె సంగతి వేరు. దాన్ని చేను ఒడ్డున కుప్ప పోసి వదిలేస్తే, రాలకుండా మిగిలిన ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని కొత్త పంట కోసం కాచుకుని ఉంటుంది. ఇంకా తీయని వాళ్లుంటే ఇప్పుడే తీసి, ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి భూమిలో కలపండి. కాయతొలిచే పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండేట్టు మార్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో. మొదట్లో కాయతొలిచే పురుగుల నుంచి నిజంగానే ఊరట దొరికింది. ఇప్పుడు గులాబీ పురుగు ఆ బీటీని తట్టుకుని తింటోంది. విత్తన ప్యాకెట్‌లో బీటీ కాని గింజలు కలిపి ఇచ్చేది పురుగు మరీ మొండిబారకుండా ఉండేందుకే.

ఇక దుకాణంలో చాటుగా 'బీజీ-3 ఉంది, కలుపు బాధే ఉండదు' అని లూజు విత్తనం చూపిస్తే దయచేసి తీసుకోవద్దు. గడ్డి మందును తట్టుకునే ఆ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. బిల్లు ఉండదు. పంట పోతే అడిగే దిక్కుండదు. దాని మీద కొట్టే గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ మందు గాలికి పక్క చేను మిర్చి మీదో కూరగాయల మీదో పడితే అవి మాడిపోతాయి. కైకిలి ఖర్చు పెరిగిందని నాకూ తెలుసు, కలుపు తీతకు మనుషులు దొరకడం లేదని కూడా తెలుసు. అయినా గుంటుక తోలడం, అంతరపంటగా కంది వేయడం లాంటి దారులు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.

పొడి దుక్కిలో పత్తి పెట్టే తొందర కూడా వద్దు. 60 మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన పడి, మట్టి లోపలి దాకా తడిశాకే విత్తాలి. లేదంటే మొలక మాడి, మళ్లీ విత్తనం కొనాల్సి వస్తుంది.

యూరియా గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మడి నల్లగా నిగనిగలాడాలని బస్తా మీద బస్తా చల్లడం మనకు అలవాటైంది. వరికి వేసిన యూరియాలో సగం కూడా మొక్కకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో పాటు చెరువుకు చేరుతుంది, కొంత నైట్రేట్‌గా మారి బోరు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లే మన పిల్లలు తాగుతారు. చెరువులోకి పోయింది గుర్రపుడెక్కను, నాచును పెంచుతుంది. నీళ్లలో గాలి తగ్గి చేపలు తేలుతాయి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి మనకు నీళ్లిస్తున్నాయి. వాటి కింద పారే కాలువల్లో ఇవాళ మనం ఏం కలుపుతున్నామో ఒకసారి చూసుకోవాలి. పైగా నత్రజని ఎక్కువైన వరికి సుడిదోమ, అగ్గితెగులు ముందు వస్తాయి. అప్పుడు మళ్లీ మందు, మళ్లీ ఖర్చు, మళ్లీ టెన్షన్.

కాబట్టి ఈ వారమే మట్టి పరీక్ష చేయించండి. చేనులో ఎనిమిది పది చోట్ల, గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప దగ్గర కాకుండా, ఆంగ్లంలో 'వి' అక్షరం ఆకారంలో జానెడు లోతు గుంత తీసి, అంచు వెంట పైనుంచి కింది దాకా మట్టి గీకండి. అంతా కలిపి అరకిలో చేసి, నీడలో ఆరబెట్టి రైతు వేదికలో ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వండి. తెలంగాణ నేలల్లో చాలాచోట్ల భాస్వరం నిల్వ ఉందని శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అయినా మనం భాస్వరం ఉండే డీఏపీ ఎరువు కోసం లైన్లో నిలబడుతున్నాం. భాస్వరం మితిమీరితే వరికి జింకు అందక ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. యూరియాను మూడు దఫాలుగా, మడిలో నీళ్లు తీసేసి బురద పదును మీదే చల్లాలి. చల్లాక ఒకటి రెండు రోజులు ఆగి నీళ్లు పెట్టాలి. వాన వచ్చేట్టు ఉంటే ఆ రోజు ఆగాలి.

మందు కొట్టే పని జులై చివర్లో మొదలైనా దానికి సిద్ధం కావాల్సింది ఇప్పుడే. మన వరంగల్‌కు ఇది చేదు అనుభవం. 1997-98లో పత్తి మీద పడ్డ పురుగు, ఎన్నిసార్లు మందు కొట్టినా చావక, అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పాత వరంగల్ జిల్లాలోనే, ఇప్పుడు జనగామ కిందికి వచ్చిన ఏనెబావి ఊరు రసాయనాలు మానేసి సేద్యం చేసి చూపించింది. అందరం అంత దూరం ఒక్కసారే పోలేకపోవచ్చు. పురుగు కనిపించకముందే కొట్టడం, మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలపడం మాత్రం ఈ ఏడే మానవచ్చు. పత్తిలో ఎకరానికి ఎనిమిది లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. ఒక్కో బుట్టలో రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులు వరుసగా రెక్కల పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించండి.

డబ్బా మీది రంగు గుర్తు చూసి కొనండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎంత మందు పోయాలో లేబుల్ మీద ఉంటుంది. దుకాణదారు చెప్పాడని మూత నిండా అదనంగా పోయవద్దు. తైవాన్ పంపుతో కొట్టేవాళ్లు మందును గాలి వాలుకే కొట్టాలి, గాలికి ఎదురుగా కాదు. ఎండ ముదిరాక ఆపేయాలి. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు లేకుండా కైకిలి మనిషిని చేనులోకి దింపవద్దు. అవి కొనిపెట్టాల్సింది చేను ఆసామే. పంపు కడిగిన నీళ్లు బావిలో, కాలువలో పోయకూడదు. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసుకుని, డబ్బాలకు రంధ్రాలు చేసి నీటి వనరులకు దూరంగా పూడ్చాలి. మా ఊళ్లో ఇంకా కొన్ని ఇళ్లలో ఆ డబ్బాల్లో నూనె, నీళ్లు పోసుకోవడం చూస్తే గుండె జారిపోతుంది.

మందు కొడుతూ ఎవరికైనా చెమటలు పోసి, నోటి వెంట చొంగ కారి, చూపు మసకబారి, ఊపిరి ఆడకపోతే 'ఎండ దెబ్బ' అని చెట్టు కింద పడుకోబెట్టవద్దు. తడిసిన బట్టలు వెంటనే తీసేసి సబ్బుతో ఒళ్లు కడగాలి. బలవంతంగా కక్కించకూడదు. 108కి ఫోన్ చేసి, ఆ మందు డబ్బాను లేబుల్‌తో సహా సంచిలో వేసి వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలరు.