రాత్రి కరెంటు పోయిందా అని మీటరునే అడగండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో వాడే నీటి ఉష్ణోగ్రత సెన్సర్లను పరీక్షించి ఇవ్వడం నా పని. సెన్సర్ తప్పు చెబితే ఆక్సిజన్ మీటరు లెక్కా తప్పుతుంది. చెరువులో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున కాబట్టి రాత్రంతా పరీక్షించాల్సిందే. పది సెకన్లకోసారి లాప్‌టాప్ జీపీఐబీ (కొలత పరికరాలను కంప్యూటరుకు కలిపే) కేబుల్ మీద, సెన్సర్ నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచే మల్టీమీటరును రీడింగ్ అడుగుతుంది.

ఒక వానాకాలం రాత్రి కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది. మీటరు మాత్రం ఆరి వెలిగి, ఓమ్‌లు వదిలేసి డీసీ వోల్టుల్లోకి వెళ్లిపోయింది. అంకెలు వస్తూనే ఉన్నాయి. పొద్దున చూస్తే రాత్రి రెండింటి తర్వాతవన్నీ సున్నాకు అటూ ఇటూ! ఆ సంగతి మీటరు రాసిపెట్టుకునే ఉంది. నా ప్రోగ్రామే అడగలేదు.

కంప్యూటరూ కొలత పరికరాలూ మాట్లాడుకునే తీరును చెప్పే 1987 నాటి ఐఈఈఈ 488.2 ప్రమాణాన్ని పాటించే పరికరాల్లో, జరిగిన సంగతులను గుర్తుపెట్టుకునే ఎనిమిది బిట్ల ఈవెంట్ రిజిస్టర్ ఉంటుంది. *ఈఎస్ఆర్? (*ESR?) అని అడిగితే, జరిగిన సంగతుల బిట్ల విలువలు కలిపి ఒక సంఖ్య ఇస్తుంది. 128 అంటే పవర్ వచ్చింది. 32 అంటే కమాండ్ అర్థం కాలేదు, 16 అంటే అర్థమైనా అమలు కాలేదు. 8 పరికరం లోపలి లోపం, 4 ప్రశ్నకూ జవాబుకూ పొత్తు కుదరకపోవడం.

ప్రశ్నలో ఒక అక్షరం తప్పు పంపి జవాబు కోసం ఎదురుచూస్తే సాధారణంగా 36 కనిపిస్తుంది: 32, 4 కలిసి. అప్పుడు సిస్టమ్:ఎర్రర్? (SYSTem:ERRor?) అని సున్నా వచ్చేదాకా అడగండి, తప్పులు ఒక్కొక్కటిగా చెబుతుంది. ముందు -113 (తెలియని కమాండ్), తర్వాత -420 (పూర్తి ప్రశ్న అందకుండానే జవాబు అడిగారు) వస్తాయి. సరిచేయాల్సింది మొదటిదాన్నే, రెండోది దాని వెంట వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు: చదవగానే ఆ రిజిస్టర్ చెరిగిపోతుంది. ఒక్కో బిట్‌కు ఒక్కోసారి అడిగితే రెండోసారి సున్నాయే వస్తుంది. ఒకేసారి చదివి, వేరియబుల్‌లో దాచి, ఆ తర్వాత బిట్లు విడదీయండి.

మొదట *సీఎల్ఎస్ (*CLS) పంపి పాతవి తుడిచేయండి, లేకుంటే మీరు మీటరు ఆన్ చేసినప్పటి 128 మిగిలి ఉంటుంది. తర్వాత సెట్టింగులు పంపి, పని పూర్తయిందా అని అడిగే *ఓపీసీ? (*OPC?) కు 1 వచ్చేదాకా ఆగండి. ఆపై ప్రతి రీడింగ్ తీసుకున్నాక *ఈఎస్ఆర్? అడిగి, ఆ సంఖ్యను ఫైల్లో అదే వరుసలో రాయించండి. 128 ఉంటే ఆ రీడింగ్‌ను పక్కనపెట్టి, సెట్టింగులు మళ్లీ పంపాలి.

మీరు అడగకుండా మీటరే లాప్‌టాప్‌ను పిలవాలంటే *ఈఎస్ఈ 128 (*ESE: ఏ సంగతులకు పిలవాలో), *ఎస్ఆర్ఈ 32 (*SRE: ఆ పిలుపును అనుమతించడం) ఇవ్వండి. వాటికి ముందు *పీఎస్‌సీ 0 (*PSC 0) ఇవ్వడం మరవకండి, లేకుంటే కరెంటు పోయి రాగానే ఆ రెండూ చెరిగిపోతాయి. ఈ *పీఎస్‌సీ కమాండ్ అన్ని మీటర్లలో ఉండదు, ముందు మాన్యువల్ చూసుకోండి.