పెరట్లో త్వరగా కాసే హైబ్రిడ్ కీరదోస

మన డెల్టా నల్లమట్టిలో నీళ్లు నిలబడితే కీర వేరు కుళ్లిపోద్ది, అందుకే జానెడు ఎత్తు బెడ్ చేసి చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. సంక్రాంతి వెళ్లాక గింజ పెడితే ఎండలు ముదిరేలోపే కాపు అందుద్ది, త్వరగా కాసే రకాలు 40-45 రోజులకే మొదటి కాయ ఇచ్చేస్తాయి. మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడం ఉండాలి, తీగ సాగగానే కొబ్బరి తాడు కట్టి పైకెక్కించండి.

మొదట్లో పూలు రాలిపోతున్నాయని కంగారొద్దు, అవి మగపూలు. ఆడపువ్వు వెనకాల నూగుతో చిన్న పిందె ఉంటది చూడండి, తేనెటీగలు రాకపోతే పొద్దున్నే మగపువ్వు కోసి రేకులు తీసేసి ఆ పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అద్దండి, పరాగసంపర్కం అక్కర్లేని రకమైతే ఈ పనే లేదు.

నీళ్లు మొదలు దగ్గరే పోయాలి, ఓ రోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే కాయ చేదొస్తది. లేతాకుల్ని ఎర్ర పెంకు పురుగులు జల్లెడ చేసేస్తాయి, పొద్దున్నే అవి మందకొడిగా ఉన్నప్పుడు ఏరేయండి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

జానెడు కాగానే కోసేయండి, ముదరనిస్తే కొత్త పిందెలు తగ్గిపోతాయి. గింజలు మాత్రం దాచొద్దు, హైబ్రిడ్ కదా, మళ్లీ అదే కాయ రాదు.