చలికాలం ముందు మేడ మీద తోట: బెంగళూరులో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దీపావళి దాటి, పొద్దున్నే ట్యాప్ నీళ్లు చేతికి చల్లగా తగులుతున్నాయంటే కుండీల పని మార్చుకోవాల్సిందే. బెంగళూరులో మంచు గడ్డకట్టదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో సాధారణంగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 1884 జనవరిలో 7.8కి పడింది, ఇక్కడి రికార్డు అదే. కాబట్టి చలికే మొక్క చచ్చిపోతుందన్న భయం అక్కర్లేదు. నేను చూసినంతలో ఈ కాలంలో మొక్కల్ని చంపేది మనం పోసే నీళ్లే.

మా నాలుగేళ్ల కరివేపాకు అలాగే పోయింది. డిసెంబరులో ఆకులు పసుపెక్కి రాలుతుంటే దాహమేమో అనుకుని రెండు పూటలా పోశాను. సంక్రాంతికి కుండీ బోర్లించి చూస్తే వేర్లన్నీ నల్లబడ్డాయి. పట్టుకుంటే పైతోలు చేతికి ఊడొచ్చింది, మురుగు వాసన. చలికి కరివేపాకు ఎదుగుదల ఆపేస్తుంది, కొంత ఆకు రాలుస్తుంది. అది జబ్బు కాదు. మట్టిలో రెండు కణుపుల దాకా వేలు గుచ్చండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు మానేయండి. ఫిబ్రవరి దాకా దానికి ఎరువు కూడా వద్దు. మిగతా కుండీలకు ఎండ పడ్డాక, ఎనిమిది, తొమ్మిది మధ్య, మొక్క మొదట్లో పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే రాత్రంతా తడి ఆరదు, తెగుళ్లు పట్టేది అక్కడే.

చాలామంది గమనించనిది ఎండ. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, దాదాపు 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు నాలుగడుగుల పిట్టగోడ ఉంటే పన్నెండింటికి కూడా మూడడుగుల నీడ పడుతుంది. పక్కన ఎత్తయిన బిల్డింగ్ ఉంటే చెప్పక్కర్లేదు. ఒక ఆదివారం తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి సుద్దముక్కతో నీడ అంచులు గీయండి. నీడ ఎక్కువసేపు ఉండేచోట పాలకూర, పుదీనా, కొత్తిమీర పెట్టుకోండి. టమాటా, వంగ, మిరప ఎండలోకి జరపండి. కాయ దిగాక జరిపితే కొమ్మలు విరుగుతాయి, ఇప్పుడే చేయండి.

మన తెలుగువాళ్లకు అసలు బెంగ గోంగూర. పగళ్లు కురచయ్యేసరికి అది పూతకొస్తుంది, ఆకు చిన్నదై ముదిరిపోతుంది. "తుంచుతూ ఉంటే చిగురేస్తుంది కదే!" అంటుంది మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్లో. కొన్నాళ్లు వేస్తుంది, అంతే. ఒక మొక్క విత్తనానికి వదిలేసి, మిగతా కుండీల్లో మెంతికూర చల్లండి. బెండ గింజలు ఈ చలికి సరిగా మొలవవు, వేసవికి దాచుకోండి. ముల్లంగి, బీట్‌రూట్, క్యాబేజీ, బఠాణీకి ఇదే అదను. క్యారెట్‌ను నారు తీసి నాటితే దుంప వంకర్లు పోతుంది, అడుగు లోతున్న కుండీలో నేరుగా విత్తండి. ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రి నానబెట్టి చల్లండి. మొలక రావడానికి రెండు వారాలు పట్టొచ్చు, టెన్షన్ పడి మట్టి తవ్వి చూడకండి.

అన్నిటికన్నా ప్రమాదం ముసురు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే ఇక్కడ రెండు మూడు రోజులు ఎండ ఉండదు, చినుకు ఆగదు. టమాటాకు లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు వచ్చేది అప్పుడే: ఆకు అంచున నీళ్లలో నానినట్టు మచ్చ, మర్నాటికి గోధుమరంగు, వారంలో మొక్కంతా మాడిపోతుంది. హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వారి టమాటా రకం అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా ఎండు తెగులును, ఎర్లీ బ్లైట్ అనే ఆకుమచ్చ తెగులును తట్టుకుంటుంది. లేట్ బ్లైట్ ఆ జాబితాలో లేదు, కాబట్టి ఆ రకం వేశామని ధీమా వద్దు. కింది అడుగు ఎత్తు వరకు ఆకులు తుంచేయండి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వండి. మచ్చ పడ్డ ఆకును కంపోస్టులో వేయకండి.

చిక్కుడు, అనప తీగల మీదికి చీమలు బారులు కడుతుంటే చిగురు వెనక్కి తిప్పి చూడండి, పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ఉంటుంది. ముందు నీళ్లు గట్టిగా కొట్టి, సాయంత్రం ఎండ తగ్గాక లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు కలిపి చల్లండి. నీళ్లు వద్దన్న సాయంత్రానికి ఇదొక్కటే మినహాయింపు.

ముసురు వస్తుందని వార్తల్లో వినగానే కుండీల కింద ప్లేట్లు తీసేయండి, అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి కెలకండి. మేడ మీది వాననీళ్లు దిగే గొట్టం నోట్లో ఎండాకులు ఇరుక్కున్నాయేమో కూడా చూడండి. అది మూసుకుపోతే కుండీలతో పాటు కింద ఓనర్ వాళ్ల సీలింగ్ కూడా తడుస్తుంది.